పరాయి మనిషిని తయారుచేసే కాగితం: భద్రాచలం అడవి హద్దు నుంచి ‘డిస్ట్రిక్ట్ 9’

‘డిస్ట్రిక్ట్ 9’ 2009 ఆగస్టులో విడుదలైన వ్యంగ్య సైన్స్ ఫిక్షన్ సినిమా. కథ జరిగేది దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ నగరంలో. అక్కడే పుట్టిన నీల్ బ్లోమ్‌క్యాంప్ దర్శకుడు, పీటర్ జాక్సన్ నిర్మాత. సుమారు 3 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఉత్తమ చిత్రంతో సహా నాలుగు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు పొందింది.

గ్రహాంతరవాసుల సినిమాగా దీన్ని చూసినవాళ్లు చాలామంది. కానీ ఇది నిర్వాసితుల సినిమా. మనుషుల్ని ఖాళీ చేయించడం ఎలా మొదలవుతుంది, దానికి ఏ కాగితం కావాలి, ఏ పేరు పెట్టాలి, ఏ హద్దు గీయాలి అన్నదే దీని అసలు విషయం. పోలవరం ముంపు ఒకవైపు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయల గుడిసెలు మరోవైపు ఉన్న ఖమ్మం–భద్రాచలం అడవి ప్రాంతం నుంచి చూస్తే ఇందులో కల్పన చాలా తక్కువని అర్థమవుతుంది. ఈ వ్యాసం సినిమాలోని సామాజిక, రాజకీయ అంశాలను ఆ నేల మీద నిలబడి పరిశీలిస్తుంది.

కథ క్లుప్తంగా

1982లో ఒక పెద్ద అంతరిక్ష నౌక జొహన్నెస్‌బర్గ్ మీదికి వచ్చి ఆగిపోతుంది. మనుషులు లోపలికి వెళ్లి చూస్తే ఆకలితో, రోగాలతో నీరసించిన లక్షల జీవులు కనిపిస్తాయి. వాళ్లను కిందికి దించి నౌక నీడలోనే శిబిరం వేస్తారు. చుట్టూ కంచె వస్తుంది. కొన్నాళ్లకు ఆ శిబిరమే మురికివాడగా మారుతుంది. దాని పేరే డిస్ట్రిక్ట్ 9.

పాతికేళ్లు దాటాక నగరవాసుల ఒత్తిడితో 18 లక్షల మందిని నగరానికి దూరంగా డిస్ట్రిక్ట్ 10కు తరలించాలని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ పనిని ఎంఎన్‌యూ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తుంది. అది ఆయుధాల కంపెనీ కూడా. గ్రహాంతరవాసుల ఆయుధాలు వాళ్ల చేతుల్లో మాత్రమే పనిచేస్తాయి. వాటి రహస్యం తెలుసుకోవడం కంపెనీ అసలు ఆసక్తి. తరలింపును నడిపే అధికారి వికస్ వాన్ డి మర్వ. అతను కంపెనీ పెద్దకు అల్లుడు. ఇంటింటికీ తిరుగుతూ ఒకచోట నల్లటి ద్రవం మీదపడి వికస్ మెల్లగా ఆ జీవుల్లో ఒకడిగా మారిపోతాడు. అప్పటిదాకా ఎవరిని వేటాడాడో, ఇప్పుడు వాళ్ల మధ్యే తలదాచుకోవలసి వస్తుంది.

వెనకున్న చరిత్ర

పేరులోనే చరిత్ర ఉంది. కేప్‌టౌన్ నగరం నడిబొడ్డున డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. రకరకాల జాతుల, మతాల శ్రామికులు కలిసి బతికిన చోటు అది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1966 ఫిబ్రవరి 11న దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. ఆ తర్వాత 60 వేల మందికి పైగా జనాన్ని ఊరి బయటి కేప్ ఫ్లాట్స్‌కు తరిమి, ఇళ్లను బుల్డోజర్లతో కూల్చారు.

కానీ సినిమా వర్ణవివక్ష కాలంతో ఆగదు. అది తయారవుతున్న రోజుల్లోనే, 2008 మే నెలలో, దక్షిణాఫ్రికా బస్తీల్లో జింబాబ్వే, మొజాంబిక్ తదితర దేశాల వలస కూలీల మీద దాడులు జరిగి 60 మందికి పైగా చనిపోయారు. దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది నిన్నటిదాకా తామే వర్ణవివక్షకు బలైన పేదలు. సినిమా మొదట్లో కెమెరా ముందుకొచ్చి ‘వాళ్లను పంపించెయ్యండి’ అనే సాధారణ పౌరుల్లో నల్లజాతివాళ్లూ ఉండటం అందుకే. షూటింగ్ సోవెటోలోని చియావెలో అనే నిజమైన పేదల బస్తీలో జరిగింది. సినిమాలో కనిపించేవి సెట్టింగులు కావు. జనం నివసించి, వేరేచోటికి తరలిపోతున్న రేకుల గుడిసెలు.

నవ్వుతూ పట్టే అట్ట, పెట్టించే సంతకం

సినిమాలో వ్యంగ్యం అంతా వికస్ చేతిలోని అట్టలో ఉంది. అతను క్రూరుడు కాడు. మర్యాదస్తుడు, కొంచెం అమాయకుడు, పదోన్నతి వచ్చినందుకు మురిసిపోతున్నవాడు. వెనక తుపాకుల దళం, పైన హెలికాప్టర్ ఉండగా తలుపు తట్టి, ఖాళీ చేయడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమంటాడు. ఒక జీవి కోపంతో ఆ అట్టను కొడితే కాగితం మీద పడిన గీతనే సంతకం కింద జమకడతాడు. క్రిస్టఫర్ జాన్సన్ అనే జీవి నోటీసు చదివి, ఇది చట్టవిరుద్ధమని చెబుతాడు. అప్పుడు వికస్ గొంతు మారుతుంది. బిడ్డను తీసుకుపోతామని బెదిరిస్తాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. బలం ఉన్నవాడికి సంతకం ఎందుకు? బలవంతంగా తీసుకున్నదాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చినట్టు చూపడానికి. చట్టాన్ని పక్కన పడేసి ఖాళీ చేయించడం ఒక పద్ధతి. చట్టంలోని ప్రతి గడినీ నింపి ఖాళీ చేయించడం మరో పద్ధతి. రెండోదానికి నెత్తుటి మరక అంటదు. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. సినిమా చేసిన పెద్ద పని ఈ రెండోదాన్ని నవ్వించి పట్టివ్వడం.

పోలవరం: ఊళ్లు కదలలేదు, హద్దు కదిలింది

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అంతకు కొద్ది రోజుల ముందు, మే నెలాఖరులో వచ్చిన ఆర్డినెన్సు ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల్లో ముంపు ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు మార్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు వెళ్లిపోయాయి. భద్రాచలం మండలం పట్టణం మినహా వెళ్లింది. బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక పక్క రాష్ట్రం అయింది. ఇది గ్రామసభలు కోరి తెచ్చుకున్న మార్పు కాదు. కోయలు, కొండరెడ్లు, దళితులు రాత్రి పడుకున్న రాష్ట్రం ఒకటి, పొద్దున లేచింది మరొకటి.

కాగితం మీద ఈ జనానికి రక్షణలు తక్కువ లేవు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతుంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సాధ్యమైనంతవరకు భూసేకరణే వద్దని, తప్పనిసరైతే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని అంటుంది. భూమి పోగొట్టుకున్న ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది భూమిగానే ఇవ్వాలని రెండో షెడ్యూలు చెబుతుంది.

ఆచరణలో జరిగేది గడులు నింపే పనే. పోలవరం జలాశయం పూర్తిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 మీటర్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఊళ్లవాళ్లు ఇప్పుడు నిర్వాసితులా, తర్వాత నిర్వాసితులా అన్నది కాంటూరు లెక్క తేలుస్తుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు మొదటి దశ జాబితాలో లేని ఊళ్లు కూడా మునిగాయి. కాంటూరు గీత వరదకు తెలియదు. పరిహారం జాబితాకు మాత్రం అదే ప్రమాణం. ఏ తేదీ నాటికి 18 ఏళ్లు నిండినవాళ్లను వేరే కుటుంబంగా లెక్కించాలన్నది కూడా అలాంటి గీతే. జాబితా రాసిన నాటికి పిల్లలుగా ఉండి, ఊరు మునిగే నాటికి పెళ్లయి పిల్లలున్నవాళ్ల సంగతి ఏమిటన్నది ముంపు మండలాల్లో ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న.

ఇందులో దళితుల పరిస్థితి విడిగా చెప్పుకోవాలి. ఏజెన్సీలో భూ బదలాయింపును అడ్డుకునే 1/70 చట్టం ఆదివాసీకి కవచం. అది ఉండి తీరాలి. అయితే అదే ఊళ్లలో తరాలుగా కూలి చేస్తూ బతికిన మాల, మాదిగ కుటుంబాలకు చాలాచోట్ల పట్టా లేదు. పట్టా లేకపోతే భూమి పరిహారం లేదు. 2013 చట్టం నిర్వచనం ప్రకారం మూడేళ్లుగా అక్కడే పనిచేస్తున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, అటవీ ఉత్పత్తులు ఏరుకునేవారు, చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు కూడా బాధిత కుటుంబాలే. కానీ కూలికి రశీదు ఉండదు. తునికాకు కోసిన చేతికి, మిరప కల్లంలో ఒంగిన నడుముకు ధ్రువపత్రం ఎవరిస్తారు? చట్టం లోపలికి రమ్మంటుంది, రుజువు గుమ్మం దగ్గర ఆపేస్తుంది.

పేరు పెట్టడం

సినిమాలో ఆ జీవుల్ని మనుషులు ‘ప్రాన్’ అంటారు. అంటే రొయ్య. జొహన్నెస్‌బర్గ్ ఇళ్లలో కనిపించే పార్క్‌టౌన్ ప్రాన్ అనే పెద్ద కీచురాయి జాతి పురుగును గుర్తుచేసే తిట్టు అది. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో సినిమా చివరిదాకా మనకు తెలియదు. క్రిస్టఫర్ జాన్సన్ అన్నది కూడా మనుషులు రికార్డు కోసం తగిలించిన పేరే.

భద్రాచలం, కొత్తగూడెం అడవుల్లో పరిపాలన భాషలో ‘గొత్తికోయ’ అన్న మాట ఇలాంటి పనే చేస్తోంది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, జనాన్ని శిబిరాల్లోకి తోలినప్పుడు వేలమంది ఆదివాసీలు అడవి దాటి ఇటు వచ్చారు. పోడు కోసం అంతకుముందే వచ్చినవాళ్లూ ఉన్నారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. కానీ తీర్పు వచ్చేనాటికి వీళ్ల ఊళ్లు లేవు.

సరిహద్దుకు అవతల వీళ్లు షెడ్యూల్డ్ తెగలవాళ్లు. ఇవతల కాదు. 342వ అధికరణ కింద తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన కుటుంబం మహారాష్ట్రకు వెళ్తే ఆ హోదా వెంట రాదని మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగం కోసం వెళ్లినవాళ్ల విషయంలో వచ్చిన ఆ సూత్రం ప్రాణం కోసం పారిపోయి వచ్చినవాళ్లకూ వర్తిస్తోంది. పైగా అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. సల్వాజుడుం మొదలైంది దానికి ఆరు నెలల ముందే. ఆ తేదీ తర్వాత తరిమివేతకు గురైనవాళ్లు చట్టం కళ్లకు ‘ఆక్రమణదారులు’. ఎస్టీ కాకపోతే మిగిలేది ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అన్న తలుపు. అది తెరుచుకోవాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలి. అడవి అంచు దళిత కుటుంబాలు ఆగిపోతున్నదీ ఈ తలుపు దగ్గరే.

సామూహిక శిక్ష

2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అది ఘోరమైన నేరం. దోషులుగా తేలిన ఇద్దరికి కోర్టు 2023లో జీవిత ఖైదు వేసింది. చట్టం చేయాల్సిన పని అదే. కానీ కోర్టు తీర్పుకు చాలా ముందే, హత్య జరిగిన రోజుల వ్యవధిలోనే, గొత్తికోయలందరినీ ఊరి నుంచి బహిష్కరించి ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన నేరానికి మొత్తం గూడెం ముద్దాయి అయింది.

‘డిస్ట్రిక్ట్ 9’లో టీవీ వార్తలు సరిగ్గా ఇదే చేస్తాయి. దొంగతనాలు, దాడుల దృశ్యాలు వరసగా చూపి, వాళ్ల స్వభావమే అంత అని నిపుణులతో చెప్పిస్తాయి. తర్వాత ఎన్ని లక్షల మందిని తరలించినా ఎవరికీ అడగాలనిపించదు. గ్రామ తీర్మానం మనకు కవచమని పీసా, అటవీ హక్కుల ఉద్యమాలు నేర్పాయి. అదే తీర్మానం తనకంటే బలహీనుడి మీదికి కత్తిగా కూడా మారగలదని బెండాలపాడు చూపింది.

మైల, స్పర్శ, ‘చెదిరిన మనుషులు’

సినిమా నగరంలో ఎటు చూసినా ‘మనుషులకు మాత్రమే’ అన్నట్టు బోర్డులు. వర్ణవివక్ష నాటి ‘తెల్లవారికి మాత్రమే’ బోర్డులకు ఇవి వ్యంగ్య రూపం. మనకు ఇంకా దగ్గరి పోలిక ఉంది. వికస్ చేయి మారడం మొదలుకాగానే అతను అంటుకోకూడనివాడు అవుతాడు. గ్రహాంతరవాసితో లైంగిక సంబంధం పెట్టుకున్నాడని వార్తల్లో పుకారు పుట్టిస్తారు. సొంత కంపెనీ అతని శరీరాన్ని ముక్కలు చేసి అమ్ముకోవాలని చూస్తుంది. మైల సోకిన మనిషిని కులం వెలివేసే తీరు ఇది. కులాంతర సంబంధం అనగానే శిక్షగా మారే మర్యాద ఇది.

డాక్టర్ అంబేడ్కర్ 1948లో ప్రచురించిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఒక ప్రతిపాదన చేశారు. తెగల మధ్య యుద్ధాల్లో ఓడి, తమ తెగ నుంచి విడిపోయి చెల్లాచెదురైన మనుషులు స్థిరపడిన ఊళ్ల అంచున ఆశ్రయం పొందారని, కాపలా కాసే పనికి బదులుగా ఊరి బయట ఉండనిచ్చారని, ఆ ఊరిబయటి నివాసమే తర్వాత అంటరానితనంగా గడ్డకట్టిందని ఆయన వాదన. చరిత్రకారులు దీని మీద చర్చించుకోవచ్చు. కానీ ఆ వాదన మనకిచ్చే చూపు విలువైనది. అంటరానివాడు పుట్టుకతో వేరే జాతివాడు కాడు. యుద్ధం, తరిమివేత, హద్దు కలిసి ఒక మనిషిని బయటివాణ్ని చేస్తాయి. కాలం గడిచాక ఆ బయటితనమే అతని సహజ గుణమన్నట్టు ఊరు నమ్ముతుంది.

డిస్ట్రిక్ట్ 9 కంచె, వెలివాడ, అడవిలో నీళ్ల చెలమ పక్కన వేసుకున్న గొత్తికోయ గుడిసెలు ఒకే వరసలోవి. ‘వాళ్లు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు’ అన్న మాటను మనం తేలిగ్గా అనకూడదు. మన పూర్వీకుల గురించి ఊరు అన్నమాట కూడా అదే.

సినిమా ఎక్కడ తప్పింది

ఇంత చూపిన సినిమా రెండుచోట్ల తన విషయాన్నే తాను మోసం చేసింది. మొదటిది నైజీరియన్ల చిత్రణ. మురికివాడలో ఉండే నైజీరియన్లను ముఠాకోరులుగా, మంత్రగాళ్లుగా, నరమాంస భక్షకులుగా చూపింది. ముఠా నాయకుడి పేరు నైజీరియా మాజీ అధ్యక్షుడు ఒబసాంజో పేరును తలపిస్తుంది. 2009 సెప్టెంబరులో నైజీరియా సమాచార మంత్రి డోరా అకున్‌యిలీ ఈ సినిమా ప్రదర్శనలు ఆపాలని థియేటర్లను కోరారు. పరాయి ద్వేషాన్ని విమర్శించే సినిమాకు కూడా ద్వేషించడానికి ఒక పరాయి కావలసి వచ్చింది.

రెండోది చూపు ఎవరిదన్న ప్రశ్న. బాధితుల బాధ మనకు అర్థం కావాలంటే తెల్ల అధికారి బాధితుడిగా మారాలి. క్రిస్టఫర్ జాన్సన్ చదువుకున్నవాడు, చట్టం తెలిసినవాడు, ఇరవై ఏళ్లుగా నౌకకు ఇంధనం పోగుచేస్తున్నవాడు. అయినా కథ అతనిది కాదు. సినిమా భయపెట్టేది కూడా ‘నువ్వు వాళ్లలా మారితే ఎలా’ అని. ఆ జుగుప్సను ప్రేక్షకుడు పంచుకుంటేనే దృశ్యం పండుతుంది. పుట్టుకతోనే ఆ జుగుప్సకు గురైన ప్రేక్షకుడు ఆ దృశ్యాన్ని ఎక్కడ నిలబడి చూడాలి?

తెలుగు సైన్స్ ఫిక్షన్‌లో 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ పైన వేలాడే కాంప్లెక్స్, కింద ఎండిపోయిన కాశీ రూపంలో దోపిడీని బలంగానే బొమ్మ కట్టింది. కానీ విముక్తిని పుట్టబోయే అవతారానికి అప్పగించింది. ఒక సినిమాలో మారువేషం వేసిన అధికారి, మరోదాంట్లో గర్భంలోని దేవుడు. అట్ట మీద సంతకం పెట్టనన్న క్రిస్టఫర్ మాత్రం రెండుచోట్లా పక్క పాత్రే.

సినిమాను ఎలా వాడుకోవాలి

హాస్టళ్లలో, సంఘాల సమావేశాల్లో ఈ సినిమా వేస్తే మొదటి అరగంట దగ్గర ఆపి చర్చ పెట్టడం మంచిది. అసలు సరుకు అక్కడే ఉంది. నోటీసులో ఏముంది, దాన్ని ఏ భాషలో చదివి వినిపించారు, సంతకం అంటే ఏమిటని లెక్కేశారు, కాదన్నవాణ్ని దేనితో బెదిరించారు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. ఇవే ప్రశ్నలు భూసేకరణ గ్రామసభ తీర్మానం నకలు ముందు పెట్టుకుని అడగాలి. కోరం ఉందా, ఎవరి వేలిముద్రలు ఎవరు వేశారు, కోయ భాషలో వివరించారా, కూలి కుటుంబాల పేర్లు జాబితాలో ఉన్నాయా అన్నది సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకుని చూడవచ్చు.

అటవీ హక్కుల చట్టంలో విద్యార్థులు గుర్తుపెట్టుకోవలసిన రెండు చోట్లు ఉన్నాయి. 4(5) సెక్షన్ ప్రకారం హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అటవీ నివాసిని ఖాళీ చేయించకూడదు. 3(1)(ఎం) ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా అడవి నుంచి అక్రమంగా తరిమివేతకు గురైనవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఉంది. గొత్తికోయల విషయంలో ఈ రెండో నిబంధనను రెండు రాష్ట్రాల ప్రభుత్వాల చేత కలిపి అమలు చేయించడం, తేదీని తరిమివేత వాస్తవానికి తగ్గట్టు సవరించమని కోరడం దళిత, ఆదివాసీ సంఘాలు కలిసి ఎత్తుకోదగ్గ డిమాండ్లు.

సినిమా చివర్లో డిస్ట్రిక్ట్ 9ని నేలమట్టం చేస్తారు. డిస్ట్రిక్ట్ 10లో జనాభా 25 లక్షలకు చేరిందని ఒక మాట తెర మీద పడుతుంది. మూడేళ్లలో తిరిగొస్తానన్న క్రిస్టఫర్ వస్తాడో రాడో సినిమా చెప్పదు. ఇక్కడ మాత్రం ఎవరో నౌకలో వచ్చేదాకా ఆగే వీలు లేదు. ఈ సీజనులో గోదావరి పొంగితే ఏ గూడెం పేరు ఏ జాబితాలో ఉందో ఇప్పుడే చూసుకోవాలి.